పాలగుట్ట రూటు

భాగ్యశ్రీ మొదటిసారి ఆ సంచి వీపున వేసుకుని ఇంటికి వచ్చిన రోజు, వాళ్ల నాయిన ఇస్రాయేలు వాకిట్లో మేకలకు సుబాబుల్ కొమ్మలు కడుతున్నాడు. నల్లని సంచి. భాగ్యశ్రీ వీపు కన్నా వెడల్పు. బండి మీద కూర్చుంటే వెనక నుంచి సంచీ, దాని మీద హెల్మెటూ తప్ప మనిషి కనిపించదు. ఇస్రాయేలు సంచిని చూశాడు. బిడ్డ మొహం చూశాడు. చేతిలో కొమ్మ అక్కడే పడేసి లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“అన్నం తినవా?” అని భార్య మైసమ్మ ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.

ఆ కోపం ఎక్కడిదో తల్లీబిడ్డలిద్దరికీ తెలుసు. చిన్నతనం నుంచి పెళ్లయిన చాలా ఏళ్ల దాకా ఇస్రాయేలు పాలగుట్ట పటేళ్ల ఇంట్లో జీతమున్నాడు. జీతమంటే నెల తిరిగితే చేతికొచ్చేది కాదు. పొద్దు పొడవకముందు పోయి, పొద్దుగూకినాక వచ్చి, పంట ఇంటికొచ్చినప్పుడు ఇన్ని వడ్లు పోయించుకోవడం. ఎరువు బస్తాలు, వడ్ల మూటలు, పెళ్లిళ్లప్పుడు పందిరి గుంజలు, అన్నీ ఆయన నెత్తి మీదనే నడిచాయి. ఏ బరువు తెచ్చినా ముందు గేటులోంచి పోయేది లేదు. వెనక సందు తిరిగి దొడ్డి తలుపు దగ్గర దించాలి. తర్వాత జీతం మానేసి కూలికి పోయాడు, కౌలుకు పత్తి పెట్టాడు, ఒక్కగానొక్క బిడ్డను చదివించాడు. “ప్రభువా, నా నెత్తి అరిగింది చాలు. నా బిడ్డ మీద ఒకళ్ల మూట పడనియ్యకు” అనే మాట లేకుండా ఆయన ప్రార్థన ఎప్పుడూ ముగిసేది కాదు.

ప్రభువు విన్నట్టే ఉంది. భాగ్యశ్రీ ఎమ్మే చదివింది, బీఈడీ చేసింది, ఆత్మకూర్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరైంది. తన జీతంతోనే టీవీఎస్ బండి కొనుక్కుంది. పాలగుట్ట ఊరికి వాగు ఇవతల చర్చి చుట్టూ ఉన్న వాడలో ఆ ఇంటిని అందరూ టీచరమ్మ ఇల్లు అనేవారు. ఆ పిలుపు చెవిన పడినప్పుడల్లా ఇస్రాయేలు పని లేకున్నా ఒకసారి దగ్గేవాడు.

అప్పుడు కరోనా వచ్చింది. బడి మూశారు. కొన్నాళ్లకు తెరిచి, పిల్లలు బెంచీలకు అలవాటు పడకముందే మళ్లీ మూశారు. ఆన్‌లైన్ పాఠాలకు ఇద్దరు టీచర్లు చాలన్నారు. ఆ ఇద్దరిలో భాగ్యశ్రీ లేదు.

ఆత్మకూర్ బస్టాండు వెనక ఒక షట్టరు గది కిరాయికి తీసుకుని కమలాకర్ అనే అతను పార్సిళ్ల సెంటరు నడిపేవాడు. ఆన్‌లైన్‌లో ఎవరు ఏం కొన్నా హైదరాబాద్ నుంచి వ్యాను తెచ్చి అక్కడ దించిపోతుంది. అక్కడి నుంచి కుర్రాళ్లు బండ్ల మీద ఊళ్లకు చేరుస్తారు. రెండో లాక్‌డౌన్ పెట్టేసరికి దుకాణాలు పొద్దున కాసేపే తెరుస్తున్నారు. అంగడి లేదు, బస్సు లేదు. ఫోన్లో చెప్పులు కొనేవాళ్లను చూసి అంతకుముందు నవ్వినవాళ్లు కూడా ఇప్పుడు ఒంటి సబ్బు నుంచి మిక్సీ జారు దాకా ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు. కమలాకర్ గదిలో డబ్బాలు పైకప్పుకు తగులుతున్నాయి. చేర్చేవాళ్లే లేరు. ఇద్దరికి కరోనా వచ్చింది. ఇంకో ఇద్దరిని ఇంట్లోవాళ్లు గడప దాటనివ్వలేదు.

భాగ్యశ్రీ వచ్చి పని అడిగితే అతను నమ్మలేదు.

“మేడం, మీరు మా పిల్లగాని టీచరు. మీరు గీ పని చేసుడేంది?”

“బడి లేదు గదా సార్. బండి నడుపొస్తది, ఫోను చూసుడొస్తది. ఇంకేం గావాలె?”

“ఎండల తిరగాలె. కుక్కలు ఎంటవడతయి. పోలీసులు ఆపుతరు. కొందరు ఒక మాట అంటరు.”

“ఆరో క్లాసును ఆపినదాన్ని. కుక్కలొక లెక్కనా?”

కమలాకర్ నవ్వాడు. “సరే. ఏ రూటు ఇయ్యాలె?”

“ఎవ్వరు పోనన్నరో గదే ఇయ్యుండ్రి.”

ఎవరూ పోనన్నది పాలగుట్ట రూటు. గుంతల రోడ్డు, గుట్టలు, అక్కడక్కడ తప్ప సిగ్నలు లేని ఫోను. ఆ దారిన రావలసిన డబ్బాలు సగం ‘అడ్రసు దొరకలేదు’ అనే ముద్రతో హైదరాబాద్‌కు తిరిగి పోయేవి. భాగ్యశ్రీ ఉండే వాడకైతే ఒక్క డబ్బా వచ్చింది లేదు. ఆ వాడ పేరు కొడితే ఫోనులో ఏమీ వచ్చేది కాదు. భాగ్యశ్రీ ముందు దాన్ని సరిచేసింది. కమలాకర్ పక్కన కూర్చుని వాడ పేరు, చర్చి గుర్తు, ఒక్కొక్క ఊళ్లో ఏ సందు ఎటు పోతుందో ఫోను మ్యాపులో ఎక్కించి, కంపెనీవాళ్లు ఒప్పుకునే దాకా వాళ్లకు ఫోన్లు చేసింది.

ఇక తిరగడం మొదలుపెట్టింది. రెండు మాస్కులు, మోచేతుల దాకా చేతిగుడ్డలు, జేబులో శానిటైజరు, కమలాకర్ ఇప్పించిన పాసు. పిల్లల పాఠాలకు ఫోన్లు, ఆవిరి పట్టే మిషన్లు, బాలింతలకు చంటిపిల్లల డైపర్లు, పదిమందితో జరిగే పెళ్లికి పట్టుచీర. ఒక ఊళ్లో సైదమ్మ అనే ముసలామె మనవడితో చెప్పించి తలకు రంగు తెప్పించుకుంది. “కరోనల సావొచ్చినా నల్లటి ఎంటికెలతోనే పోత టీచరమ్మా” అంటే భాగ్యశ్రీ మాస్కు లోపల నవ్వు ఆపుకోలేకపోయింది.

కొందరు గేటు దగ్గరే ఆపి, ఆమె మీద కూడా మందు కొట్టేవారు. కొందరు డబ్బాను కర్రతో లాక్కునేవారు. అవన్నీ రోగానికి భయపడి చేసేవని ఆమె సరిపెట్టుకుంది. కానీ చాలా ఇళ్లలో ఆమె కోసం ఎదురుచూసేవారు. బండి చప్పుడు వినగానే ఎవరో ఒకరు వాకిట్లోకి వచ్చి, కడిగి పెట్టిన చెంబుతో నీళ్లు గోడ మీద ఉంచేవారు. బడిపిల్లలు మిద్దెల మీద నుంచి “టీచర్! టీచర్!” అని అరిచేవారు. ఆమె బండి ఆపి, కింది నుంచే “కృష్ణ ఎక్కడ పుడతది రా?” అని అడిగేది. తప్పు చెప్పినవాడు మర్నాటికి నేర్చుకుని ఆమె బండి కోసం కాచుకునేవాడు. కొన్నాళ్లకు తల్లులే అడగడం మొదలుపెట్టారు: “మేడం, మాకు డబ్బా లేకున్నా జర మా పిల్లను ఒక ప్రశ్న అడిగి పో.”

ఇవేవీ ఇంట్లో చెప్పే వీలు లేదు. ఇస్రాయేలు బిడ్డతో మాట్లాడటం మానేశాడు. ఎవరైనా అడిగితే “ఆత్మకూర్ల ఆఫీసుకు పోతుంది” అనేవాడు. అలా ఎన్నాళ్లు దాగుతుంది? ఒకరోజు రేషను దుకాణం దగ్గర ఊరి వార్డు మెంబరు ఎల్లస్వామి అందరి ముందు అననే అన్నాడు: “ఏం ఇస్రాయేలు, నీ బిడ్డ సంచులు మోస్తుందట గదా. నీ పనే నేర్పితివి!”

ఇస్రాయేలు బియ్యం తీసుకోకుండానే ఇంటికి వచ్చాడు. భాగ్యశ్రీ అప్పుడే బండి దిగి చేతులు కడుక్కుంటోంది.

“గా సంచి వాగుల పారెయ్!” అన్నాడు. రెండు వారాల తర్వాత బిడ్డతో అన్న మొదటి మాట అది. “గీ దినం జూసెటందుకా నిన్ను సదివించింది? నేను మోసిన, మీ తాత మోసిండు. నువ్వు సుత మోస్తె మనం ఎక్కడ బోయినట్టు? ఉన్నకాడనే ఉన్నం.”

మైసమ్మ అడ్డం రాబోయింది. “ఏందయ్యా గట్లంటవ్? పిల్ల ఎండల పడి...”

“నువ్వుండమ్మా.” భాగ్యశ్రీ చేతులు తుడుచుకుని తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె గొంతు పెరగలేదు. “నాయినా, నువ్వు మోసినప్పుడు నీకు ఎవలన్న థాంక్స్ చెప్పిండ్రా?”

“జీతగానికి ఎవడు చెప్తడు?”

“నాకు చెప్తరు. దినాం చెప్తరు. నిన్ను వాళ్లు పిలిస్తె పోవాలె, తిడితె పడాలె. నేను ఫోన్ చేస్తె వాళ్లే దర్వాజకాడికి వస్తరు. నా ఇష్టమొచ్చినప్పుడు మానేస్త. బడి తెరిస్తె బడికి పోత. నాది పని నాయినా. జీతం కాదు.”

ఇస్రాయేలు అక్కడి నుంచి జరిగాడు. చాలాసేపు మేకల మధ్య నిలబడ్డాడు. ఆ మాటలు ఆయనకు అర్థమయ్యాయి. కానీ అర్థమైనంత తొందరగా మనసు ఒప్పుకోదు కదా.

మే నెల చివర్లో ఒకరోజు పొద్దున భాగ్యశ్రీ జొన్న గట్క తింటుండగా ఫోను మోగింది. హైదరాబాద్ నుంచి ఎవరో ఆడమనిషి. గొంతులో ఏడుపు.

“అమ్మా, పాలగుట్ట రూటు మీదేనట గదా? మా నాయిన పాజిటివ్ వచ్చి ఒక్కడే ఉన్నడు. నాకు సుత వచ్చింది, నేను కదలలేను. ఆక్సిజన్ చూసే మిషను, ఇంకా కొన్ని సామాన్లు ఆర్డరు పెట్టిన. మీ సెంటరు నుంచి ఎవరో రెండుసార్లు వచ్చి, ఇంట్లో ఎవరు లేరని రాసి తిప్పి పంపిండ్రు. మా నాయిన ఇల్లు దాటి యాడికి పోతడమ్మా? నిన్నటి సంది ఫోన్ల సరిగ మాట్లాడ్త లేడు.”

“పేరేంది మేడం?”

“రాంచందర్. రాంచందర్ పటేలు అంటే ఊళ్లె ఎవరన్న చెప్తరు.”

ఎవరూ చెప్పనక్కరలేదు. ఇస్రాయేలు జీతమున్న ఇల్లు అదే. పెద్ద పటేలు పోయాక ఆయన కొడుకు రాంచందర్ ఆ ఇంటి యజమాని. భార్య చనిపోయి చాలా కాలమైంది. జబ్బని తెలియగానే వంటమనిషి, పాలేర్లు అందరూ రావడం మానేశారు.

పాజిటివ్ ఉన్న ఇళ్ల డబ్బాలు కమలాకర్ ఆమెకు ఇవ్వకుండా వేరే కుర్రాడికి ఇచ్చేవాడు. అలా వెనక్కి పోవడానికి పక్కన పెట్టిన ఆ డబ్బా సెంటరులో మూలకు ఉండటం భాగ్యశ్రీ ముందురోజే చూసింది. “ఇప్పుడే తెస్త మేడం” అని లేచింది.

ఇస్రాయేలు అన్నీ విన్నాడు. “ఆ ఇంటికా?” అన్నాడు.

“ఆ.”

“పోకు.”

“రోగముందనా? ఆ ఇల్లనా?”

భాగ్యశ్రీ బండి తీసింది.

ఆమె ఆత్మకూర్ పోయి డబ్బా తీసుకుని తిరిగి వచ్చేసరికి, వాగు మీది కల్వర్టు దగ్గర ఇస్రాయేలు నిలబడి ఉన్నాడు. భుజం మీది తువ్వాలను ముక్కుకు చుట్టుకున్నాడు. కల్వర్టు అవతల ఊరి మొదట్లో తుమ్మకంప అడ్డం వేసి, ఒక బండి పట్టేంత సందు వదిలారు. అక్కడ ఎల్లస్వామి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాసు చూసి, ఏ ఇంటికో తెలుసుకుని ఆమె వైపు ఎగాదిగా చూశాడు.

“గా ఇంటికి పోతవా? మా ఊరోళ్లే పోతలేరు.”

“డబ్బా మీద ఆయన పేరుంది. ఇచ్చేదుంది” అంది భాగ్యశ్రీ. ఎల్లస్వామి దారి ఇచ్చాడు. ఇస్రాయేలు బండి వెనకాల నడిచాడు.

పటేలు ఇంటి ముందు భాగ్యశ్రీ బండి ఆపింది. వెనక్కి చూస్తే తండ్రి లేడు. ఆయన పక్క సందు మలుపు దాకా పోయి ఉన్నాడు. ఇన్నేళ్లయినా కాళ్లు వాటి దారినే పోయాయి.

“నాయినా! యాడికి?”

ఇస్రాయేలు ఉలిక్కిపడి ఆగాడు. “దొడ్డి తలుపు గిటు...” అని, మాట మధ్యలోనే ఆపేశాడు.

“గేటు గీడుంది. ఇటు రా.”

ఆమె గడియ తీసి గేటు బార్లా తెరిచింది. చెప్పులతోనే లోపలికి పోయి, వాకిలి దాటి, అరుగు ముందు నిలబడి గట్టిగా పిలిచింది: “రాంచందర్ గారూ! పార్సిల్!”

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. రాంచందర్ పటేలు గోడ పట్టుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. గడ్డం పెరిగింది. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవలసి వస్తోంది. భాగ్యశ్రీ డబ్బాను అరుగు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది.

“మీ ఫోనుకు నంబరొచ్చింది. నాలుగంకెలు. చెప్పుండ్రి... సరే, అదుండనియ్యుండ్రి, ముందు డబ్బా ఇప్పుండ్రి. తెల్లటిది చిన్నదుంటది, బట్టల పిన్ను తీరుగ. అదే. నడుమ వేలు పెట్టుండ్రి. కదిలియ్యొద్దు. ఏమొచ్చింది?”

“ఎనభై... ఏడు.”

ఎనభై ఏడంటే ప్రమాదమని భాగ్యశ్రీకి తెలుసు. మొహంలో కనపడనివ్వలేదు. “బోర్ల పండుకోవాలె సార్. గీడనే అరుగు మీద పండుకోండ్రి. నేను నూటెనిమిదికి ఫోన్ చేస్తున్న. ఫికర్ జెయ్యకుండ్రి, నేను ఈడనే ఉంట” అంటూనే ఫోను చెవిన పెట్టింది. అడ్రసు తడబడకుండా చెప్పింది. ఏ మలుపు, ఏ కల్వర్టు, ఎక్కడ గుంత ఉంది, అన్నీ. తర్వాత హైదరాబాద్‌లోని కూతురికి చేసింది.

బోర్లా పడుకున్న రాంచందర్ పటేలుకు గేటు దగ్గర నిలబడ్డ మనిషి కనిపించాడు. కాసేపు పోల్చుకోలేకపోయాడు.

“ఎవరది... ఇస్రాయేలా?”

“అవును.”

“గీ అమ్మాయి...”

ఇస్రాయేలు గేటు దాటి లోపలికి వచ్చాడు. వాకిలి మధ్యలో ఆగి, ముక్కు మీది తువ్వాల సవరించుకున్నాడు.

“నా బిడ్డ పటేలా. భాగ్యశ్రీ. ఎమ్మే బీఈడీ. ఆత్మకూర్ల టీచరు. బడి బందున్నదని ఐదూర్లకు సామాన్లు తెచ్చి ఇస్తుంది. నీ డబ్బా ఎవ్వరు తేకుంటె నా బిడ్డ తెచ్చింది.”

ఆ వాకిట్లో ఆయన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు. ఆ సంగతి ఆయనకూ తెలిసింది. ఒక్క క్షణం తన గొంతుకు తానే ఆశ్చర్యపోయాడు.

రాంచందర్ పటేలు చెయ్యెత్తి దండం పెట్టబోయాడు, కానీ చెయ్యి సగంలోనే పడిపోయింది. “చల్లగుండు బిడ్డా” అన్నాడు.

అంబులెన్సు సైరను వాగు దగ్గర వినిపించి, అక్కడే ఆగిపోయింది. కంప అడ్డం ఉంది. ఇస్రాయేలు పరుగు లాంటి నడకతో పోయాడు. ఎల్లస్వామి డ్రైవరుతో వాదిస్తున్నాడు: “ఊర్లకు రోగాన్ని తెస్తరా? ఆయన్నే ఈడిదాక తెచ్చుకోండ్రి.”

“నడవలేడు” అన్నాడు ఇస్రాయేలు.

“అయితె మేమేం జెయ్యాలె?”

“కంప తియ్యాలె.”

ఎల్లస్వామి కదల్లేదు. ఇస్రాయేలే ముందుకు వచ్చాడు. వంగి తుమ్మకొమ్మ మొదలు పట్టుకుని వెనక్కి లాగాడు. ముళ్లు అరచేతిలో దిగాయి. ఒక కొమ్మ పక్కకు ఈడ్చి ఇంకోటి పట్టుకున్నాడు. మూడో కొమ్మకు ఎల్లస్వామి కుర్చీలోంచి లేచాడు. ఎక్కడి నుంచో పంగల కర్ర తెచ్చి, “జరుగు ఇస్రాయేలు, చేతులు చీరుకపోతయి” అంటూ మిగతా కంపను తోశాడు. అంబులెన్సు ఊళ్లోకి పోయింది.

రాంచందర్ పటేలును మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నట్టు కూతురు ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ చాలాసేపు ఏడ్చింది. భాగ్యశ్రీ ఆ ఫోను స్పీకర్లో పెట్టి నాయినకు వినిపించింది. అరచేతులకు పసుపు పెట్టించుకుంటూ ఇస్రాయేలు అంతా విన్నాడు. ఫోను పెట్టేశాక మైసమ్మతో, “బిడ్డకు గుడ్డు వండు. ఎండల తిరిగొచ్చింది” అన్నాడు. ఆ పూట ముగ్గురూ ఒకచోట కూర్చుని తిన్నారు.

మర్నాడు ఇస్రాయేలు బండి తుడిచి బయట నిలబెట్టాడు. “ఇయ్యాల ఏ ఊళ్లు?” అని అడిగాడు. ఆ తర్వాత ఆయన అడగని రోజు లేదు. రేషను దుకాణం దగ్గర ఎవరైనా కదిపితే చాలు, తన బిడ్డ ఏ ఊరికి ఏం చేర్చిందో, ఎంతమంది పిల్లలకు గేటు దగ్గర పాఠం చెప్పిందో చెప్పే దాకా వదిలేవాడు కాదు. సైదమ్మ తలరంగు సంగతి ఆయన చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. ఎల్లస్వామి కూడా నిలబడి వినేవాడు.

రాంచందర్ పటేలు కోలుకుని ఇంటికి వచ్చాక, ఇస్రాయేలును ఒకసారి వచ్చి పొమ్మని కబురు పంపాడు. ఇస్రాయేలు కాసేపు ఆలోచించి, “నేను పోను. ఆయన్నే రమ్మను. మన ఇంటి అడ్రసు ఇప్పుడు ఫోన్ల సుత దొరుకుతది” అన్నాడు. పటేలు వచ్చాడు కూడా. కర్ర పొడుచుకుంటూ వాగు దాటి వచ్చి, మంచం మీద కూర్చుని, మైసమ్మ ఇచ్చిన టీ తాగి పోయాడు.

ఎండాకాలం పోయి లాక్‌డౌన్ ఎత్తేశారు. బడి తెరుస్తున్నామని యాజమాన్యం కబురు పంపితే భాగ్యశ్రీ పోయింది. అయితే రూటు వదిలేయలేదు. వాడలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నిరోష అనే పిల్లకు బండి నేర్పి, కమలాకర్ దగ్గరికి తీసుకుపోయి, తన బదులు పెట్టించింది. సెలవు రోజుల్లో ఇద్దరూ కలిసి పోయేవారు. ఇప్పుడు వాడలోకి కూడా డబ్బాలు వస్తున్నాయి.

చర్చి తెరిచిన మొదటి ఆదివారం, పాటలయ్యాక పాస్టరు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పేవాళ్లను లేవమన్నారు. ఇస్రాయేలు అన్నేళ్లలో ఎన్నడూ సాక్ష్యం చెప్పినవాడు కాదు. మగవాళ్ల వైపు చివరి వరసలో కూర్చుని ‘ఆమెన్’ అనడమే ఆయనకు తెలిసింది. ఆ రోజు లేచాడు. మైసమ్మ కంగారుపడి భాగ్యశ్రీ చెయ్యి పట్టుకుంది.

“నాకు మాట్లాడొస్తలేదు” అని మొదలుపెట్టాడు. “నా బిడ్డ మీద మూట పడొద్దని ప్రభువును శానా ఏండ్లు అడిగిన. పడ్డది. నాకు కోపమొచ్చింది. ప్రభువు మీద సుత వచ్చింది. మొన్న నా బిడ్డ ఎనక నేను నడిచిన. ఎనక నుంచి చూసిన. సంచి పెద్దగనే ఉంది. గని నా బిడ్డ వంగలేదు. నిటారుగ పోయింది. ఊర్లకు, ఇండ్లకు, ముందు గేట్లకెళ్లి పోయింది. గదే నా సాక్ష్యం. గామె నా బిడ్డ.”

ఇంకేదో చెప్పాలనుకుని, గుర్తురాక, అందరి వైపు ఒకసారి చూసి కూర్చున్నాడు. చర్చి అంతా ఒక్క గొంతుతో “ఆమెన్” అంది.